రుచి రాశారు, కొలత రాయలేదు

సంపాదకులకు,

తెలుగు పత్రికల ఆదివారం పేజీల్లో మన వంటల గురించి, కళల గురించి, ఇంటి జ్ఞాపకాల గురించి వస్తున్న వ్యాసాలపై ఈ ఉత్తరం. ఆ వ్యాసాల్లో అమ్మమ్మ ఉంటుంది, జాడీ ఉంటుంది, నోరూరడం తప్పకుండా ఉంటుంది. ఉప్పెంతో మాత్రం ఉండదు. చదివినవాళ్లు ఆ వంట చేసుకోలేరు, ఆ అద్దకం వేసుకోలేరు. 'ఇది మా సంస్కృతి' అని రాసిన కాగితంలోంచి ఆ సంస్కృతిని తిరిగి తీయడం కుదరకపోతే, మిగిలేది రాసినవారి మురిపెం ఒక్కటే.

రాయడం మనకు చేతకాక కాదు. ముగ్గుల పుస్తకం చూడండి. '15 చుక్కలు, 8 వచ్చేదాకా, సందు చుక్క' అని ఒక్క ముక్క రాసుంటుంది. మధ్య వరసలో 15, దానికి అటూ ఇటూ 14, 13 అలా 8 దాకా తగ్గాలి, ప్రతి చుక్కా పక్క వరసలోని రెండు చుక్కల సందున పడాలి. '15 నుంచి 1, సరి చుక్క' అంటే చుక్క కింద చుక్క, వరసకు రెండేసి తగ్గాలి. లెక్క వేసుకుంటే రెండింటికీ 15 వరసలే వస్తాయి, ఆకారాలు మాత్రం వేరు: మొదటిది ఆరు మూలలది, రెండోది నాలుగు మూలలది. ముగ్గు ఎప్పుడూ చూడని పిల్ల కూడా ఆ ఒక్క వాక్యంతో చుక్కలు పెట్టేయగలదు. ఇంతకన్నా పక్కా రాత ఏముంది?

అదే ఇంట్లో వంట దగ్గరికి వచ్చేసరికి చిటికెడు, గుప్పెడు, నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం. ఈ మాటలు పోవాలని నేననను, అవే మన భాష. పక్కన గ్రాములు కూడా ఉండాలంటాను. పెద్దవాళ్లను 'ఎంత వేశావు' అని అడిగితే జవాబు రాదు, వాళ్ల కొలత చేతిలో ఉంటుంది. చెంచా ఇచ్చి కొలవమంటే చెయ్యి తడబడి వంట మారిపోతుంది. అందుకని వాళ్లను కదపకుండా ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా వంటకు ముందు ఎలక్ట్రానిక్ త్రాసు మీద తూచి రాసుకోవాలి, వంట అయ్యాక మళ్లీ తూచాలి. తేడాయే కొలత. మూడు సార్లు, మూడు వేర్వేరు రోజుల్లో చేయాలి. ఉప్పు మూడుసార్లూ దగ్గరదగ్గరగా వస్తుంది. చింతపండు రాదు, ఎందుకంటే పాతదీ కొత్తదీ ఒకే పులుపు ఉండవు. అక్కడ మాత్రం రకం, ఎన్నాళ్లదో కూడా రాయాలి.

పాత కొలపాత్రలది ఇంకో చిక్కు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని ఎక్కంలా వచ్చినా, ఒక ఊరి సోల ఇంకో ఊరి సోలతో సరిపోదు. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది గానీ ఇళ్లలో ఊరగాయ ఇప్పటికీ సోలతోనే పడుతోంది. ఇంట్లో ఉన్న సోలను అంచుదాకా నీళ్లతో నింపి, ఆ నీళ్లను తూచండి. ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు. ఆ అంకె పుస్తకం మొదటి పేజీలో రాసిపెడితే తర్వాతి పేజీలన్నీ పనికొస్తాయి.

ఆవకాయ పాడవడానికి ఈ సోలే కారణమవుతుంటుంది. నాలుగు సోలల ముక్కలకు సోల ఆవపిండి, సోల కారం, తలకొట్టి (పైన కుప్ప లేకుండా) సోల ఉప్పు అనేది చాలా ఇళ్లలో వినపడే లెక్క. ఆ లెక్క పుట్టింది రాళ్ల ఉప్పు ఎండబెట్టి, బరకగా దంచుకున్న రోజుల్లో. అదే సోలతో సన్నటి ప్యాకెట్ ఉప్పు పోస్తే సందులు లేకుండా కూరుకుని బరువు ఎక్కువ తూగుతుంది, ఊరగాయ ఉప్పు కషాయం అవుతుంది. మరుసటి ఏడు భయపడి ఉప్పు బాగా తగ్గిస్తారు, బూజు పడుతుంది. నింద మామిడికాయ మీదికి పోతుంది, లేదా ఎవరో తడిచెయ్యి పెట్టారంటారు. తడిచెయ్యీ నిజంగానే ముప్పే. కానీ 'సోల ఉప్పు' అని రాసినప్పుడు ఏ ఉప్పో రాయకపోవడం అసలు తప్పు.

ఇక ఎంతసేపు అనే ప్రశ్న. వంటలో నిమిషాలకన్నా గుర్తులు నమ్మదగినవి, అయితే గుర్తును విప్పి చెప్పాలి. అరిసెలకు 'పాకం రానివ్వాలి' అని రాసి వదిలేస్తారు. ఏ పాకం? నీళ్లలో చుక్క వేస్తే కరిగిపోకుండా, వేళ్లతో కూడదీస్తే మెత్తటి ఉండ కట్టాలి. థర్మామీటరు ఉంటే 115 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ. లేత పాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే చెక్కలా తయారవుతుంది. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అని లెక్క సరిగ్గా రాసినా, పిండి తడిపిండి అని రాయకపోతే అంతా వృథా. ఒక రోజంతా నానిన బియ్యాన్ని వడేసి, చెమ్మ ఆరకముందే పిండి కొట్టాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. దుకాణంలో దొరికే పొడి బియ్యప్పిండితో చేసినవి గట్టిపడతాయి, విరుగుతాయి.

భాష సంగతి ఇంకా ముఖ్యం, ఇక్కడ నా ఫిర్యాదు పత్రికల డెస్కు మీదే. ఎల్లిపాయ అని రాసి పంపితే వెల్లుల్లి అవుతుంది, పుంటికూర గోంగూర అవుతుంది, తొక్కు పచ్చడి అవుతుంది. పాఠకులకు అర్థం కావాలనే ఉద్దేశం మంచిదే. దానికి మొదటిసారి పక్కన ఇంకో మాట పెడితే చాలు, ఉన్నమాట కొట్టేయక్కర్లేదు. ఎందుకో సర్వపిండి చెబుతుంది. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున అద్ది కాల్చే ఈ వంటను కొన్నిచోట్ల గిన్నెప్ప అంటారు, కొన్నిచోట్ల తపాలచెక్క అంటారు. సర్వ, గిన్నె, తపాల మూడూ పాత్రల పేర్లే! వంట రహస్యం పేరులోనే ఉంది. గుండ్రటి అడుగున పిండిని పలచగా అంచుల పైదాకా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె పోసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచితే అంచులు కరకర, మధ్యలో మెత్తన. అదే పిండిని చదునైన పెనం మీద వేస్తే రుచి దగ్గరగానే వస్తుంది గానీ ఆ అంచు రాదు. ఒకటి కాల్చాక గిన్నె చల్లారందే రెండోది అద్దలేరు, చేతులు కాలతాయి. అందుకే ఇళ్లలో రెండు గిన్నెలు మార్చి మార్చి వాడతారు. ఈ మూడు పేర్లనూ చెరిపేసి 'బియ్యప్పిండి రొట్టె' అని అచ్చేస్తే పేరుతోపాటు పాత్ర పోతుంది, పాత్రతోపాటు పద్ధతి పోతుంది.

కళల వ్యాసాలదీ ఇదే తీరు. కలంకారీ అనగానే 'సహజ రంగులు' అని ఒక మాట రాసి ఊరుకుంటారు. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పనికీ, మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దే పనికీ తేడా చెప్పని వ్యాసాలు కూడా వస్తుంటాయి. నలుపు ఎలా వస్తుందో రాస్తే ఆ కళ ఎంత తెలివైనదో దానంతటదే తెలుస్తుంది. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన ద్రవంలో వెదురు కలం ముంచి గీస్తే, ఇనుము టానిన్‌తో కలిసి గీత నల్లబడుతుంది. పాలు పలచనైతే గీత ఊరిపోతుంది. బెల్లం నీళ్లు సరిగా పులియకపోతే నలుపు బూడిదరంగులో తేలుతుంది. ఇనుము మరీ ఎక్కువైతే ఏళ్లు గడిచాక గుడ్డ గీతల వెంబడే చిరుగుతుంది. ఎరుపు కావాల్సినచోట పటిక నీళ్లు రాసి, బాగా ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించాకే మంజిష్ఠ లాంటి ఎర్రరంగు మొక్కల వేళ్లతో కలిపి ఉడికిస్తారు. నిలవ నీళ్లలో జాడిస్తే విడిపోయిన పటిక తెల్లగా ఉండాల్సినచోట మళ్లీ అంటుకుంటుంది, తర్వాత అక్కడా ఎర్రమచ్చలు వస్తాయి. ఇలాంటి నాలుగు వాక్యాలకు వ్యాసంలో చోటు లేదనడం నమ్మబుద్ధి కాదు, విశేషణాలకు ఉంటోంది కదా.

మన భాషలో ఈ పని జరగలేదని కాదు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలను ఇలాగే ఊరూరా అడిగి పోగుచేసింది. వంటింటి మాటలకు అంత ఓపిక పత్రికలు పట్టగలవు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి, సెప్టెంబరు 9న కాళోజీ జయంతికి ఏటా భాష గురించి పేజీలు వేస్తారు. ఆ రెండు రోజుల్లో ఏదో ఒకనాడు పాఠకుల నుంచి ఇంటి వంట రాతలు పిలవండి. వచ్చిన ప్రతి రాతలో ఇవి ఉన్నాయో లేదో చూడండి: ఎవరు చెప్పారు, అది పుట్టింటిదా అత్తింటిదా, ఏ పాత్రలో చేశారు, కట్టెల పొయ్యా గ్యాసా, ఉప్పు ఏ రకం, కొలతలు గ్రాముల్లో ఎంత, ఎక్కడ చెడుతుంది. చెప్పినవారి పేరు వేసే ముందు వారి అనుమతి తీసుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు.

అచ్చుకు ముందు ఇంకొక్క పని. వచ్చిన రాతను ఆ వంట ఎన్నడూ చేయని డెస్కు ఉద్యోగి ఎవరికైనా ఇచ్చి, ఫోన్ చేసి అడగకుండా వండమనండి. ఎక్కడ ఆగి 'ఇక్కడేం చేయాలి' అని అడుగుతారో, అక్కడ ఒక వాక్యం తక్కువైందన్నమాట. రాసినవారికి తిప్పి పంపి ఆ వాక్యం రాయించాక అచ్చేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు