ఉద్యోగులు వెళ్లిపోయారు, అద్దెలు దిగలేదు

సంపాదకులకు,

ఇంటి నుంచి పని అలవాటయ్యాక జనానికి నగరాల మీద మోజు తగ్గిందని, ఇక చిన్న ఊళ్లు కళకళలాడతాయని గత ఆదివారం మీ పత్రికలో రాశారు. ఆ కళ ఎలాంటిదో విజయవాడలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్న నాకు తెలుసు కాబట్టి, ఆలస్యంగానైనా ఈ లేఖ రాస్తున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే హైదరాబాదు, బెంగళూరుల నుంచి మన పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఇళ్లకు చేరారు. నెలలు గడిచినా ఆఫీసులు తెరవకపోయేసరికి, తల్లిదండ్రుల రెండు గదుల ఇంట్లో మీటింగులు కుదరక, పటమటలోనూ కానూరులోనూ విడిగా ఫ్లాట్లు తీసుకున్నారు. జీతం హైదరాబాదుది, అద్దె బెజవాడది కాబట్టి యజమాని ఎంత చెప్పినా వారికి చవకే. ఇక్కడి జీతంతో ఇక్కడే బతికే బడిపంతుళ్లు, దుకాణాల గుమస్తాలు సామాన్లు సర్దుకుని ఊరి అంచులకు జరిగారు. అంటే మహానగరంలో తగ్గిన గిరాకీ గాలిలో కలిసిపోలేదు, వచ్చి మా నెత్తిన కూర్చుంది.

తరువాత కంపెనీలు ఒక్కొక్కటిగా వెనక్కి పిలిచాయి. టీసీఎస్ అయితే 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలంది. పిల్లలు వెళ్లిపోయారు, అద్దె మాత్రం కదలలేదు. మా యజమానిని అడిగితే, "పన్ను పెరిగింది కదా మాస్టారూ" అన్నారు. అదీ అబద్ధం కాదు. 2021 నుంచి మన రాష్ట్రంలో ఇంటి పన్నును అద్దె విలువను బట్టి కాక ఆస్తి మూలధన విలువను, అంటే స్థలానికీ కట్టడానికీ ఉన్న ధరను, బట్టి వేస్తున్నారు. స్థలం ధర పెరిగితే ఖజానాకు లాభమే గనుక, అద్దెలు పెరుగుతుంటే ఏ అధికారికీ నిద్ర చెడదు. పైగా వీరి చేతిలో ఉన్న జనాభా లెక్కలు 2011 నాటివి. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో తెలియకుండానే ప్రణాళికలు మాత్రం రంగుల పటాలతో తయారవుతాయి!

ఇప్పుడు ఇళ్లకు దగ్గరలోనే పని కేంద్రాలు పెడతామని ప్రభుత్వం అంటోంది. సంతోషమే. అయితే మా వీధిలో రోడ్డు తవ్విన ప్రతిసారీ ఇంటర్నెట్ కేబుల్ తెగుతుంది, వేసవి మధ్యాహ్నాలు కరెంటు ఉండదు. వీటిని సరిచేయకుండా ఉద్యోగులను రప్పిస్తే వారు ఆరు నెలలకే తిరిగి వెళ్లిపోతారు, వారి పేరున పెరిగిన అద్దె మాకు మిగులుతుంది.

మరోసారి ఈ విషయం రాసే ముందు, మీ విలేకరిని పటమటలో టులెట్ బోర్డులున్న ఇళ్లకు ఒక్క పూట పంపి, 2019లో అద్దె ఎంత, ఇప్పుడెంత అని అడిగించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విజయవాడ