‘అందరూ ఇదే అంటున్నారు సార్’

తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతి స్టడీ అవర్ పొద్దున పెట్టాలా, సాయంత్రమా అని మీటింగ్‌లో అడిగిన దగ్గర్నుంచి నాకు ఒకటే ఫోన్లు. ఒకరు ‘పొద్దున్నే పెట్టండి సార్, పేరెంట్స్ అందరూ అదే అంటున్నారు’ అంటారు, ఆ ఫోన్ పెట్టేసి టీ తాగేలోపే ఇంకొకరు ‘సాయంత్రమే సార్, పొద్దున ఎవరికి కుదురుతుంది’ అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మనం రోజూ మాట్లాడేది మన వీధివాళ్లతో, మన డ్యూటీ టైమింగులే ఉన్నవాళ్లతో, ఇక అందరి మాటా మన మాటలాగే వినిపిస్తుంది.

నేనూ తక్కువేం తినలేదు లెండి. చరిత్ర మాస్టర్ని కదా, ఎనిమిదో తరగతి టూర్‌కి నాగార్జునకొండ అంటే పిల్లలు ఎగిరి గంతేస్తారనుకుని లాంచీ టైమింగులు కూడా కనుక్కున్నాను. ఎందుకైనా మంచిదని చీటీలు రాయించాం: నువ్వెక్కడికి వెళ్తావు, క్లాసులో ఎంతమంది నీలాగే రాసుంటారు? సూర్యలంక బీచ్ రాసినవాళ్లు క్లాసంతా బీచేనన్నారు, కొండ రాసిన కొద్దిమందీ క్లాసంతా కొండేనన్నారు. గెలిచింది బీచ్. నా మొహం చూసి పిల్లలు నవ్వుకున్నారు కూడా.

1977లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లీ రాస్, ఆయన సహచరులు ఇలాంటి ప్రయోగమే ప్రచురించారు. ‘జో హోటల్లో తినండి’ అని రాసున్న పెద్ద బోర్డు మెడకు తగిలించుకుని అరగంట క్యాంపస్‌లో తిరుగుతారా అని విద్యార్థులను అడిగారు. సరేనన్నవాళ్లు ఎక్కువమంది సరేనంటారని, వద్దన్నవాళ్లు ఎక్కువమంది వద్దంటారని అంచనా వేశారు. నాకు గుచ్చుకున్నది అది కాదు. తమకు భిన్నంగా చేసినవాళ్ల గురించి, ‘వాళ్ల స్వభావమే అంత’ అన్నట్టు మరింత గట్టిగా తీర్పులిచ్చారట. ఆ ఫోన్లలో ఇదీ విన్నాను: ‘పొద్దున వద్దనేవాళ్లకి పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు సార్.’ తెల్లవారకముందే మిర్చి యార్డుకి బయల్దేరే తండ్రికి, నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చే తల్లికి శ్రద్ధ లేదని ఎలా అంటాం?

ఏమీ తెలియనప్పుడు మన ఇష్టాన్ని బట్టే ఊహించుకోవడం మరీ తెలివితక్కువేం కాదు, చేతిలో ఉన్న ఒక్క ఆధారం అదే కాబట్టి. కానీ ఇక్కడ అడిగితే తెలిసిపోయే విషయానికి ఊహ ఎందుకు?

రేపు పిల్లల డైరీలో చీటీ వస్తుంది. ఉదయమో సాయంత్రమో టిక్ పెట్టండి, మీ ఇంటి ఇబ్బంది ఏమైనా ఉంటే కింద రెండు ముక్కలు రాయండి. ‘అందరూ’ అని మాత్రం రాయకండి. శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కి అందితే చాలు.

మీ
ప్రధానోపాధ్యాయుడు