మన బిల్లింగ్ యాప్ వాడుతున్న అందరికీ: తేదీల్లో జరిగిన తప్పు, ప్రింటర్ సంగతి, కొత్త ధర

నమస్కారం. ముందు తప్పు సంగతి చెప్పేస్తాను, మిగతావి తర్వాత. తెల్లవారుజామున అయిదున్నర లోపు మీరు వేసిన బిల్లులు 'రోజు మొత్తం' పేజీలో ముందు రోజు లెక్కలో కలిసిపోయాయి. వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యాపారం చేసేవాళ్లకి, పూర్ణా మార్కెట్ కూరగాయల వాళ్లకి, పాలు వేసేవాళ్లకి దాదాపు నాలుగు నెలలుగా ఇలాగే జరిగింది. తప్పు పూర్తిగా నాదే.

ఇది నాకు నేనుగా పట్టుకున్నది కూడా కాదు. హార్బర్‌లో రొయ్యలు, కోనాం చేపలు కొని హోటళ్లకి వేసే ఒక అక్క ఫోన్ చేసి, "ఏటి బాబూ, ఇయాల కొన్న సరుకు నిన్నటి లెక్కలోకి ఎలాగెళ్లిపోయింది?" అని అడిగింది. నేను ఆవిడ ఫోన్‌లో తేదీ తప్పుగా ఉందేమో అనుకుని, సెట్టింగ్స్ మార్చమని చెప్పి ఫోన్ పెట్టేశాను. మర్నాడూ అదే ఫోన్, అదే మాట. మూడో రోజు నేనే పొద్దున్న నాలుగింటికి హార్బర్‌కి వెళ్లి, వేలం అయ్యాక ఆవిడ పక్కన కూర్చున్నాను. 4:40కి బిల్లు వేసింది. 'రోజు మొత్తం' పేజీ తెరిస్తే అది నిన్నటి తేదీలో పడింది. చూసిన నిమిషంలో నాకు అర్థమైపోయింది.

సర్వర్లలో టైమ్‌ని గ్రీనిచ్ లెక్కన దాచుకుంటాం. మన టైమ్ దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మనకి ఉదయం 4:40 అంటే ఆ లెక్కలో ముందు రోజు రాత్రి 11:10. బిల్లు చూపించేటప్పుడు దాన్ని మన టైమ్‌లోకి మార్చుతున్నాను, బిల్లు మీద తేదీ సరిగ్గానే వస్తోంది. కానీ రోజు మొత్తం కూడేటప్పుడు మాత్రం మార్చలేదు. అంతకుముందు ఈ కూడిక మీ ఫోన్‌లోనే జరిగేది, పెద్ద ఖాతాలున్నవాళ్లకి పేజీ తెరుచుకోడానికి చాలాసేపు పడుతోందని నాలుగు నెలల క్రితం దాన్ని సర్వర్‌కి మార్చాను. మార్చాక ద్వారకా నగర్‌లో ఒక స్టేషనరీ షాపు లెక్కలతో సరిచూశాను, అన్నీ కలిశాయి. ఆ షాపు తీసేది పదింటికి. అక్కడ కలవకపోవడానికి అవకాశమే లేదు.

దీనివల్ల ఏం జరిగిందో విన్నాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. ఆ అక్క దగ్గర లెక్కలు చూసే కుర్రాడు ఒకడున్నాడు. రోజు మొత్తానికీ చేతిలో డబ్బుకీ తేడా వస్తుంటే ఆవిడ వాణ్ణి అనుమానించింది, ఒకరోజు నలుగురిలో గట్టిగా అడిగింది కూడా. వాడి తప్పేమీ లేదు, నేను రాసిన ఒక లైను తప్పు. వాడి దగ్గరికి వెళ్లి చెప్పాను, అక్క ముందే చెప్పాను. ఇక్కడ కూడా చెబుతున్నాను, ఎందుకంటే మీలో ఇంకెవరి కొట్లోనైనా ఇలాంటి మాటలు వచ్చి ఉంటే దయచేసి ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి.

ఇప్పుడు పరిస్థితి ఇదీ. ప్రతి బిల్లు అసలు టైమ్, ఎవరి బాకీ ఎంత అన్నది మొదటి నుంచీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క రూపాయి ఎక్కడికీ పోలేదు. రోజు మొత్తాలు, నెల మొత్తాలు మళ్లీ లెక్కకట్టాను. 'రోజు మొత్తం' పేజీలో 'పాత లెక్క' అని ఒక బటన్ పెట్టాను, నొక్కితే ముందు చూపించిన అంకె, ఇప్పటి అంకె పక్కపక్కన కనబడతాయి. మూడు నెలలు ఆ బటన్ ఉంచుతాను. ఒక ముఖ్యమైన మాట: ఒకటో తారీఖు తెల్లవారుజామున వేసిన బిల్లులు అంతకుముందు నెలలోకి వెళ్లిపోయాయి. తాజా చేపలకి, కూరగాయలకి జీఎస్టీ లేదు కాబట్టి వాటి మట్టుకు పన్ను అంకెల్లో తేడా రాదు. పన్ను ఉన్న సరుకు అమ్మేవాళ్లు మాత్రం ఆ బిల్లులు మీ అకౌంటెంట్‌కి చూపించండి, జాబితా మీ ఫోన్‌కి పంపించాను.

ఇక ప్రింటర్. చాలామంది "తెలుగులో బిల్లు ఎందుకింత ఆలస్యంగా వస్తుంది, ఇంగ్లీషులో అయితే టక్కున వస్తోంది కదా" అని అడుగుతున్నారు. మీరు వాడే ఆ చిన్న థర్మల్ ప్రింటర్లలో ఇంగ్లీషు అక్షరాలు లోపలే ఉంటాయి, తెలుగు ఉండదు. 'బియ్యం' అని పంపితే ప్రశ్న గుర్తులో, చైనా అక్షరాలో వస్తాయి. అందుకని మీ ఫోన్ ముందు బిల్లు మొత్తాన్ని ఒక బొమ్మలా గీసి, ఆ బొమ్మలోని చుక్కలను ప్రింటర్‌కి పంపుతుంది. 58 మిల్లీమీటర్ల కాగితం మీద అడ్డంగా 384 చుక్కలు పడతాయి, నిలువుగా బిల్లు ఎంత పొడవుంటే అన్ని వరుసలు. ఇదంతా బ్లూటూత్‌లో వెళ్లాలి. ఒక్కసారిగా పంపితే చవక ప్రింటర్లు మధ్యలో కొన్ని వరుసలు మింగేస్తాయి, సగం బిల్లు వచ్చి ఆగిపోయేది అందుకే. చిన్న చిన్న ముక్కలుగా, మధ్యలో కాస్త ఆగుతూ పంపేలా రాశాను. ఆలస్యం ఆ ఆగడం వల్లే. ఎంత ఆగాలన్నది ఒక్కో ప్రింటర్‌కి ఒక్కోలా ఉంది, దీని కోసమే నా టేబుల్ మీద ఆరు రకాల ప్రింటర్లు పెట్టుకున్నాను. కొత్త అప్‌డేట్‌లో మీ ప్రింటర్‌ని ఒకసారి పరీక్షించి యాప్ తనే వేగం ఎంచుకుంటుంది. వత్తులు తెగిపోయే సంగతి కూడా తేలింది. 'లక్ష్మి' అన్న పేరులో కింద వచ్చే వత్తు సగం కోసుకుపోతోందని అక్కయ్యపాలెం కిరాణా కొట్టాయన బిల్లు ఫొటో తీసి పంపారు. ఇంగ్లీషుకి సరిపోయే వరుస ఎత్తు మనకి చాలదు. పెంచాను. కాగితం కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, కానీ మనిషి పేరు తెగిపోయి వస్తే నాకు మనసొప్పలేదు.

సిగ్నల్ లేకపోయినా బిల్లు పడాలన్నది ఈ యాప్ మొదలుపెట్టిన రోజు నుంచీ నా పట్టుదల. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను కుర్రాణ్ణి, కంచరపాలెంలో మా మావయ్య కొట్లో ఉన్నాను. కరెంటు లేదు, ఫోన్లు లేవు, అయినా మావయ్య రూళ్ల పుస్తకంలో అరువులు రాసుకుంటూ సరుకు ఇస్తూనే ఉన్నారు. ఆ పుస్తకం చేయగలిగిన పని నా యాప్ చేయలేకపోతే నేను డబ్బు అడగకూడదు అనుకున్నాను. అందుకే బిల్లు ముందు ఫోన్‌లో పడుతుంది, సిగ్నల్ వచ్చాక సర్వర్‌కి వెళ్తుంది. అయితే దీనివల్లే ఒక చిక్కు వచ్చింది. ఒకే కొట్లో రెండు ఫోన్లు సిగ్నల్ లేకుండా బిల్లులు వేస్తే రెండింటికీ ఒకే నంబర్ పడేది. జీఎస్టీ నిబంధన ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక నంబర్ రెండుసార్లు రాకూడదు, నంబర్ పదహారు అక్షరాలు దాటకూడదు, కానీ వరుసలు ఒకటి కంటే ఎక్కువ పెట్టుకోవచ్చు. కాబట్టి ఇకపై ఒక్కో ఫోన్‌కి ఒక్కో వరుస. మీ బిల్లు నంబర్ ముందు కొత్తగా కనిపించే అక్షరం అదే, కంగారు పడకండి.

2025 సెప్టెంబర్ 22 మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపుగా పోయి చాలా సరుకు 5కీ 18కీ మారిన రోజు. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు 18 నుంచి 5కి వచ్చాయి, నెయ్యి, వెన్న 12 నుంచి 5కి. ఆ ముందు రాత్రి నేను నిద్రపోలేదు. రేట్లు మార్చడం పెద్ద పని కాదు, టెన్షన్ అంతా పాత బిల్లుల గురించే. పన్ను రేటుని సరుకు దగ్గర మాత్రమే రాసి ఉంచితే, పాత సబ్బు బిల్లు మళ్లీ ప్రింట్ తీసినప్పుడు 5 శాతంతో వస్తుంది, అది తప్పు. రేటుని ప్రతి బిల్లులోనూ విడిగా దాచాలి. నేను అలా దాచింది కొన్ని చోట్లే అని ఆ వారమే తెలిసింది. పాత సరుకు వాపసు తీసుకున్నప్పుడు కూడా అమ్మిన రోజు రేటే పడాలి, ఇప్పుడు అలాగే పడుతోంది.

ఆండ్రాయిడ్ సంగతి చిన్నగా చెబుతాను. ప్లే స్టోర్‌లో అప్‌డేట్లు ఇవ్వాలంటే యాప్‌ని ఏటా కొత్త ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు మార్చాలి, 2025 ఆగస్టు 31 గడువు ఆండ్రాయిడ్ 15కి. అలా మార్చగానే యాప్ స్క్రీన్ అంచుల దాకా పరుచుకుంటుంది, దాంతో కొందరి ఫోన్లలో 'సేవ్' బటన్ కింది బటన్ల వెనక్కి పోయింది. రెండు రోజుల్లో సరిచేశాను, ఆ రెండు రోజులు ఇబ్బంది పడ్డవాళ్లకి క్షమాపణలు.

ఐఫోన్ యాప్ చేయడం లేదు. ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టడం ఒకటైతే, ఇంకో యాప్‌ని జీవితాంతం చూసుకోవడం అసలు భారం. అడిగినవాళ్లు మీలో చాలా తక్కువమంది, వాళ్లు కూడా ఎక్కువగా ఇంట్లో కూర్చుని లెక్కలు చూసుకునే యజమానులు. వాళ్లకి వెబ్ వెర్షన్ సరిపోతుంది, సఫారీలో తెరిచి హోమ్ స్క్రీన్‌కి చేర్చుకోండి. కానీ సఫారీ నుంచి బ్లూటూత్ ప్రింటర్‌కి వెళ్లే దారి లేదు, కాబట్టి ఐఫోన్‌తో బిల్లు కాగితం రాదు. ముందే చెబుతున్నాను.

బాకీ గుర్తుచేసే ఎస్ఎంఎస్‌లు వచ్చే నెల నుంచి ఆపేస్తున్నాను. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. అందులోనూ 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరుగా లెక్కపడుతుంది. కొట్టు పేరు, మనిషి పేరు, బాకీ రాసేసరికి రెండు మెసేజ్‌ల ఖర్చు. బదులుగా మీ వాట్సాప్ నుంచే పంపే బటన్ వస్తుంది. మీ నంబర్ నుంచి వెళ్తే జనం చదువుతారు కూడా.

గూగుల్ డేటా సెంటర్ మన వైజాగ్‌కి వస్తోంది కదా, యాప్ స్పీడు పెరుగుతుందా అని కొందరు అడిగారు. నాకూ ఆ వార్త సంతోషమే. కానీ మన యాప్ నెమ్మదించేది సర్వర్ దూరం వల్ల కాదు, మార్కెట్‌లో సిగ్నల్ వల్లా, సరుకు ఫొటోలు నేను పెద్ద సైజులో పంపుతున్నందువల్లా. ఫొటోలు తగ్గిస్తున్నాను.

ధర. ఏప్రిల్ 1 నుంచి నెలకి 150 బదులు 200 రూపాయలు. మూడేళ్లుగా పెంచలేదు, సర్వర్ ఖర్చు పెరిగింది, నా రోజులో సగం మీ ఫోన్లకి సమాధానం చెప్పడానికే పోతోంది, అది తగ్గించుకోవాలని నాకు లేదు. హార్బర్ వాళ్లకి ఒక మార్పు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, ఆ రెండు నెలలకీ డబ్బు తీసుకోను. ఇది మొదటి ఏడాదే చేయాల్సింది. ఇంకోటి, మూడు నెలలపాటు కొత్త కొట్లు చేర్చుకోవడం లేదు. మీరు ఎవరికైనా చెప్పి ఉంటే కాస్త ఆగమనండి.

"నీకేమైనా అయితే మా లెక్కలు ఏమవుతాయి నాయనా" అని ఎంవీపీ కాలనీ మందుల షాపు మాస్టారు సూటిగా అడిగారు. అడగాల్సిన ప్రశ్న. ప్రతి రాత్రి బ్యాకప్ జరుగుతోంది. మొన్న మొదటిసారి ఆ బ్యాకప్ నుంచి మొత్తం వెనక్కి తెచ్చి చూస్తే బిల్లులు, బాకీలు వచ్చాయి, ఫొటోలు రాలేదు. సరిచేసి మళ్లీ చూశాను, వచ్చాయి. ఇకపై నెలకోసారి చూస్తాను. మధురవాడలో ఉండే నా స్నేహితుడి దగ్గర సర్వర్ తాళాలన్నీ, అంటే పాస్‌వర్డులన్నీ, ఒక కవర్‌లో ఉన్నాయి, తనూ ఇదే పని చేస్తాడు. మీరు కూడా సెట్టింగ్స్‌లో 'నా లెక్కలు దించుకో' నొక్కి నెలకోసారి ఎక్సెల్ ఫైలు తీసి పెట్టుకోండి.

వచ్చే సోమవారం పొద్దున్న 4 నుంచి 7 దాకా హార్బర్‌లో, తర్వాత పూర్ణా మార్కెట్‌లో ఉంటాను. పాత లెక్క, కొత్త లెక్క కలిసి చూసుకోవాలనుకునేవాళ్లు ఫోన్ పట్టుకుని రండి. మామూలు రోజుల్లో ఉదయం 10 నుంచి 1 దాకా కోడ్ రాస్తుంటాను, ఫోన్ ఎత్తను. కొట్లో బిల్లు పడక ఆగిపోతే మాత్రం "బిల్లు ఆగింది" అని ఒక్క మెసేజ్ పెట్టండి, ఏ టైమ్ అయినా వెంటనే నేనే ఫోన్ చేస్తాను.