కోడ్ ఒక్కటే కాపలా కాదు

సంపాదకుడికి,

పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడుగుతున్నాం కాబట్టి ప్రభుత్వ ఈమెయిళ్లకు ఢోకా లేదన్న ధీమా మన కార్యాలయాల్లో గట్టిగా ఉంది. కేంద్ర ప్రభుత్వ మెయిల్‌కు రెండో అంచె రక్షణగా కేంద్ర ఐటీ సంస్థ ఎన్‌ఐసీ తెచ్చిన కవచ్ యాప్ కథ చూస్తే అంత ధీమా పనికిరాదు. పాకిస్థాన్‌కు చెందినదని భద్రతా పరిశోధకులు చెప్పే ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ ముఠా సరిగ్గా ఆ కవచ్‌కే నకిలీలు తయారుచేసింది. గూగుల్‌లో ప్రకటనలిచ్చి మరీ వాటిని జనం ముందుకు తెచ్చింది. రక్షణ పరిశోధనశాలలున్న హైదరాబాద్‌కు, తూర్పు నౌకాదళం ఉన్న విశాఖకు ఇది దూరపు సంగతేమీ కాదు.

ఆరంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. దొంగకు అంత సమయం కూడా అక్కర్లేదు. నకిలీ లాగిన్ పేజీలో మనం కొట్టిన పాస్‌వర్డ్, కోడ్ రెండూ అప్పటికప్పుడే అసలు సైటుకు వెళ్తాయి. అక్కణ్నుంచి తిరిగొచ్చే సెషన్ కుకీ, అంటే మనం లాగిన్ అయ్యామని సైటు గుర్తుపెట్టుకునే చీటీ, దొంగ చేతికి చిక్కుతుంది. ఆ కుకీ చెల్లినంత కాలం మళ్లీ కోడ్ అడిగేవారుండరు. కొన్ని వ్యవస్థల్లో పాస్‌వర్డ్ మార్చినా పాత సెషన్ నడుస్తూనే ఉంటుంది. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేస్తేనే అది తెగుతుంది.

దీనికి విరుగుడు ఫిడో2 సెక్యూరిటీ కీ, అంటే లాగిన్ కోసం వాడే చిన్న పరికరం. అందులో చూసి చెప్పడానికి అంకెలే ఉండవు. బ్రౌజర్‌లో తెరిచి ఉన్న సైటు చిరునామాకు ముడిపడిన డిజిటల్ సంతకం మాత్రమే ఇస్తుంది, ఒక్క అక్షరం తేడా ఉన్నా అసలు సైటులో అది చెల్లదు. 2022 జులైలో ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ ఉద్యోగులు ముగ్గురు నకిలీ పేజీలో పాస్‌వర్డ్ ఇచ్చేసినా, ఈ కీల పుణ్యమాని ఎవరూ లోపలికి రాలేకపోయారు.

అయితే కొని పంచితే సరిపోదు. మొదట వ్యవస్థను నడిపే అడ్మిన్ ఖాతాలకు ఇవ్వాలి, అదీ మనిషికి రెండేసి. ఒకటే ఇస్తే అది పోయిన రోజున 'తాత్కాలికంగా' ఎస్సెమ్మెస్ ఓటీపీ తెరుస్తారు. ఆ తాత్కాలికం ఏళ్ల తరబడి సాగుతుంది. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి పేరు, ఉద్యోగి నంబరు చెబితే రీసెట్ చేసే అలవాటూ మానాలి. రికార్డులో ఉన్న ఉద్యోగి నంబరుకు హెల్ప్‌డెస్క్ వాళ్లే తిరిగి ఫోన్ చేయాలి. సెక్షన్ మొత్తానికి ఒకే మెయిల్ ఐడీ పెట్టుకుని, సూపరింటెండెంట్ ఫోన్‌కొచ్చిన కోడ్‌ను హాలంతా వినబడేలా చదివే చోట ఏ తాళమూ నిలవదు.

ఖాతాకు కొత్త పరికరం చేరినప్పుడల్లా ఆ ఉద్యోగిని నేరుగా అడగాలి. సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ అప్‌డేట్లలో హానికర ప్రోగ్రామ్ కలిపి చేసిన చొరబాటు గుట్టు 2020లో రట్టయింది ఈ పనివల్లే. ఫైర్‌ఐ అనే సైబర్ భద్రతా సంస్థలో ఒక ఉద్యోగి పేరిట రెండో ఫోన్ నమోదైంది, భద్రతా సిబ్బంది అడిగితే తనది కాదని తేలింది. విషపు అప్‌డేట్లు ఆ ఏడాది మార్చిలోనే మొదలయ్యాయి, బయటపడింది డిసెంబరులో. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం లాగ్‌లు, అంటే వ్యవస్థలో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దాచాలి. అలాంటి కేసు మన దగ్గర జరిగితే తొలి మూడు నెలల ఆనవాళ్లు అప్పటికే చెరిగిపోయి ఉంటాయి. లాగిన్ లాగ్‌లనైనా ఏడాదికి తగ్గకుండా దాచమని రెండు రాష్ట్రాల ఐటీ శాఖలు ఉత్తర్వులివ్వాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్