ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తయింది, ఇక కృతజ్ఞతలు చెప్పాలి

ఫలితాలు వచ్చాయి. పిల్లల ఆరోగ్య నర్సింగ్ ప్రధాన విషయంగా ఎమ్మెస్సీ పాసయ్యాను. అభినందనలు పంపిన అందరికీ విడివిడిగా జవాబు రాయడం నా వల్ల కావడం లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. చాలామంది "నీ కష్టం ఫలించింది" అన్నారు. సంతోషం. కానీ ఈ డిగ్రీలో నాది కాని కష్టం చాలా ఉంది. అది ఎవరెవరిదో పదిమందిలో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

బీఎస్సీ తర్వాత నేను పనిచేసింది పెద్దవాళ్ల మెడికల్ వార్డులో. ఎమ్మెస్సీలో చేరడానికి బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది అనుభవం అడుగుతారు. ఆ అనుభవం పిల్లల వార్డులోదే అయి ఉండాలని ఎవరూ అడగరు. అలా షుగరు, బీపీ, గుండెపోటు రోగులకు అలవాటైన చేతులతో రెండు కిలోల బిడ్డ ముందు నిలబడ్డాను. చదువు స్నాతకోత్తరమే, వార్డులో మాత్రం ఒకటో తరగతి. మొదటి ఏడాది నర్సింగ్ విద్య, పరిశోధన, గణాంకాలు అంటూ తరగతులు గదిలోనే ఎక్కువ. బిడ్డ పక్కన నిలబెట్టి నేర్పే మనిషి ఎవరైనా దొరకాలి.

నాకు దొరికారు. నవజాత శిశువుల విభాగం ఇన్‌ఛార్జి సిస్టర్ గారికి నా మొదటి నమస్కారం. ఆవిడ చదివింది జనరల్ నర్సింగ్. డిగ్రీల లెక్కలో నాకంటే కింద ఉన్నా, పని తెలియడంలో నాకు అందనంత ఎత్తులో ఉన్నారు. విద్యార్థులకు నేర్పడం ఆవిడ ఉద్యోగంలో భాగం కాదు, అందుకు ఒక్క రూపాయి అదనంగా ఇవ్వరు. అయినా డ్యూటీ అప్పగించాక కూడా ఆగి, "ఇలా రా అమ్మా" అని పిలిచేవారు.

ఆవిడ చెప్పిన మొదటి పాఠం, బిడ్డను ముట్టుకోకముందే ఊపిరి లెక్కపెట్టమని. ముట్టుకుంటే లేస్తాడు, లేస్తే ఏడుస్తాడు, ఏడ్చాక వచ్చిన లెక్కకు విలువ ఉండదు. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఏడాది లోపు 50 సార్లు, అయిదేళ్ల లోపు 40 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే వేగంగా తీస్తున్నట్టు. ఈ అంకెలు ఏ విద్యార్థిని అడిగినా చెబుతుంది. కానీ పుట్టి వారమైనా కాని బిడ్డ కాసేపు గబగబా ఊపిరి తీసి, కొన్ని క్షణాలు ఆపి, మళ్లీ మొదలుపెడతాడు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. దుప్పటి తొలగించి, పొట్ట లేచి పడడం మీద ఒక కన్ను, వాచీ మీద ఒక కన్ను పెట్టి నిండా నిమిషం చూడాలి. ఆ నిమిషంలో ఫోను మోగినా, డాక్టరు గారు పిలిచినా సిస్టర్ గారు తల ఎత్తరు.

మందు లెక్కలు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఆంప్యూల్‌లో (మందు ఉండే చిన్న గాజుబుడ్డిలో) రెండు మి.లీ.కి 80 మి.గ్రా. ఉంటుంది. బిడ్డకు 10 మి.గ్రా. రాశారనుకోండి, అంటే పావు మి.లీ. సిరంజిలో ఆ గీత ఎక్కడుందో చూడటానికే కళ్లు చికిలించాలి. ఆవిడ పద్ధతి వేరు: ఆ రెండు మి.లీ.కి ఆరు మి.లీ. సెలైన్ కలిపి ఎనిమిది చేస్తే, ఒక్కో మి.లీ.లో సరిగ్గా 10 మి.గ్రా. వస్తుంది. ఇక సిరంజి మీద తికమక ఉండదు. అంతకంటే నాకు నచ్చింది, ఇద్దరు నర్సులు చూసి సంతకం చేసే చోట ఆవిడ పెట్టిన నియమం. "నీ జవాబు నాకు చెప్పకు. నువ్వు వేరే కాగితం మీద వెయ్యి, నేను వేరే కాగితం మీద వేస్తాను, తర్వాత పోల్చుకుందాం" అనేవారు. పక్కవాళ్ల జవాబు వింటే మన లెక్క అటే మొగ్గుతుందట. పాతికేళ్లు దాటిన అనుభవం ఉన్న మనిషి, విద్యార్థిని కాగితం పక్కన తన కాగితం పెట్టి చూసుకోవడం నేను మరెక్కడా చూడలేదు.

ఇంకో మాట. సెలైన్ చుక్కల లెక్కకు భయపడే నర్సు చెల్లెళ్లు చాలామంది ఉన్నారు. పిల్లల డ్రిప్ సెట్టులో 60 చుక్కలు ఒక మి.లీ. కాబట్టి గంటకు ఎన్ని మి.లీ. ఎక్కించమన్నారో నిమిషానికి అన్ని చుక్కలు. గంటకు 12 అంటే నిమిషానికి 12. గుణకారం, భాగహారం ఏమీ అక్కర్లేదు. సెట్టు పిల్లలదో పెద్దలదో ముందు చూసుకోవడమే అసలు పని.

హైదరాబాద్ నిలోఫర్ పిల్లల ఆస్పత్రి పోస్టింగ్‌లో ఉండగా పరిచయమైన తల్లులందరికీ ఏమని చెప్పాలి? 1953లో మొదలైన ఆ ఆస్పత్రికి తెలంగాణ నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. పుస్తకంలో ఒక్కో అధ్యాయంగా చదివినవన్నీ అక్కడ ఒకే వరుసలో పక్కపక్క మంచాల మీద కనిపిస్తాయి. "డొక్కలు ఎగరేస్తున్నాడమ్మా" అని ఒక తల్లి అన్నదంటే, ఛాతీ లోపలికి పోతోందని మనం రాసుకునే వాక్యం ఆమె అప్పటికే చెప్పేసినట్టు. ఒక ఉదయం ఒకామె నా కొంగు పట్టుకుని, "ఇది నిన్నటి ఏడుపు కాదు, సన్నగా మూలుగుతున్నాడు, పాలు పట్టడం లేదు" అన్నది. అప్పటికి జ్వరం లేదు, చార్టులో అంకెలన్నీ బాగానే ఉన్నాయి. అయినా డ్యూటీ సిస్టర్ ఆమె మాట మీదే డాక్టరు గారిని పిలిపించారు. రక్తపరీక్షకు పంపి వెంటనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. బిడ్డ కోలుకుని ఇంటికి వెళ్లాడు. ఆ తల్లి ఈ పోస్టు చదవదు, అయినా ఆమెకు ఇక్కడ దండం పెడుతున్నాను.

హాస్టల్లో నా గది పంచుకున్న కొట్టాయం అమ్మాయికి కూడా. నరం దొరకబుచ్చుకోవడంలో ఆమెది మంచి చెయ్యి. పసుపుపచ్చ 24 గేజ్ క్యాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) పట్టుకుని, చర్మం బిగువుగా లాగి, సూది లోపలికి వెళ్లాక ఆగమంటుంది. పసిపిల్లల్లో రక్తం వెనక్కి కనిపించడానికి క్షణం ఆలస్యమవుతుంది, ఆ ఓపిక లేక చాలామంది సూది బయటికి తీసేస్తారు. గుచ్చే ముందు వీలైతే బిడ్డను తల్లి రొమ్ముకు పెట్టించాలని కూడా ఆమెదే పట్టు. పాలు తాగుతున్న బిడ్డకు నొప్పి తక్కువ. ఆమె తెలుగు నా దగ్గర నేర్చుకుంది. ఇప్పుడు నాకంటే ముద్దుగా "బంగారు తండ్రీ" అంటుంది.

ఇక థీసిస్. నర్సింగ్ ఎమ్మెస్సీ చేసినవాళ్లు ఈ మాటకు నవ్వుతారు: మనలో సగం మంది శీర్షిక "ఫలానా విషయంపై నిర్మాణాత్మక బోధనా కార్యక్రమ ప్రభావం" అనే ఉంటుంది. నాదీ అదే దారి పట్టేది, తల్లులు, కంగారూ సంరక్షణ (బిడ్డను ఒంటికి ఆనించి గుండెల మీద పెట్టుకోవడం) అంటూ. మా గైడ్ మేడం ఒక్క ప్రశ్న వేశారు: "పచ్చి బాలింత ఎన్నిగంటలని కూర్చుంటుంది? అమ్మమ్మను అడిగావా?" కొలంబియాలోని బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన పద్ధతి అది. బిడ్డ ఒంటికి ఒళ్లు తగలాలి, అది నాన్నదైనా అమ్మమ్మదైనా సరే. దాంతో నా పరిశోధన అమ్మమ్మలు, నానమ్మల వైపు తిరిగింది. వాళ్లను ఒప్పించడానికి పడ్డ పాట్లు ఇంకో పోస్టు అవుతాయి. గణాంకాల దగ్గర చేతులెత్తేసిన నాకు మా వీధిలోని విశ్రాంత లెక్కల మాస్టారు టీ-పరీక్ష, పీ విలువ అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. ఫీజు అడిగితే కాఫీ ఇమ్మన్నారు.

ఇంట్లోవాళ్ల గురించి ఎక్కువ రాస్తే కోప్పడతారు. జీతం లేని రెండేళ్లూ మా ఆడపడుచు నా కూతురిని తన పిల్లలతో సమానంగా బడికి పంపింది. పాత వార్డులోని స్నేహితురాళ్లు నలుగురు చేయి వేసి రెండో ఏడాది ఫీజు కట్టారు. "వడ్డీగా మా పిల్లలకు జ్వరం వస్తే ఫోను ఎత్తు" అన్నారు. ఎత్తుతూనే ఉన్నాను.

కాలేజీలో అధ్యాపకురాలిగా చేరమని చాలామంది సలహా ఇచ్చారు. ఎమ్మెస్సీ చేస్తే తరగతి గదికే వెళ్లాలన్నట్టు మన దగ్గర ఒక లెక్క ఉంది, నాకది మింగుడు పడదు. నేను నవజాత శిశువుల విభాగంలోనే చేరుతున్నాను. రెండేళ్లు కుదరని చెల్లెళ్లకు నవజాత శిశు నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యప్రణాళికతో నడుస్తుంది, దాన్నీ చూడండి. నా పుస్తకాలు, చేతిరాత నోట్సు అట్టపెట్టెలో కట్టి ఉంచాను. ఈసారి పిల్లల నర్సింగ్‌లో చేరేవాళ్లు ఎవరైనా వచ్చి తీసుకెళ్లవచ్చు. వచ్చే వారమంతా నాకు నైట్ డ్యూటీ, మధ్యాహ్నం రెండు దాటాక వస్తే మంచిది.