వాచ్‌మన్ కాకకు శనార్థులు

తమ్ముడు చదివి సరేనన్నాకే ఇది పెడుతున్నా. నిద్రల్లేక కళ్లు మండుతున్నాయి, తప్పులుంటే ఏమనుకోకండి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు వాడు ఇంటర్. కోచింగ్ అయ్యాక బస్సు కోసం నిలబడ్డాడు. 18 మంది పోయిన చోట వాడి ఒంటి మీద గీత పడలేదు. కొబ్బరికాయ కొట్టి ఊరుకున్నాం. బాంబులు పెట్టింది సైకిళ్ల మీద. అప్పట్నుంచి ఆగి ఉన్న సైకిల్ కనిపిస్తే వీడు రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాడు. 2025 ఏప్రిల్ 8న హైకోర్టు ఐదుగురికీ ఉరిశిక్ష ఖాయం చేసింది. మంచిదే. కానీ టీవీ పెడితే చాలు, అవే పాత దృశ్యాలు. వీడికి తిండి పోయింది, నిద్ర పోయింది, గది తలుపు తీయడు.

ఎలాగో బతిమాలి దవాఖానకు తీసుకెళ్తే గేటు పక్కనే సైకిల్! వెనక క్యారేజీకి రబ్బరు ట్యూబుతో కట్టిన టిఫిన్ డబ్బా. వీడి కాళ్లు బిగుసుకుపోయాయి, చొక్కా తడిసి ముద్దయింది. చెయ్యి పట్టి లాగబోతుంటే వాచ్‌మన్ కాక వచ్చి, "గుంజకు బిడ్డా" అన్నాడు. ఏమైందని అడగలేదు. వీడు ఎటు చూస్తున్నాడో చూశాడంతే. పోయి ట్యూబు విప్పి, డబ్బా తెచ్చి, కొంచెం దూరంలో నేల మీద పెట్టి మూత తీశాడు. "నా బువ్వ కొడుకా. ఎల్లిగడ్డ కారం ఏసింది మీ కాకి. సూడు." ఆ తర్వాత సైకిల్ నడిపించుకుంటూ గోడ వెనక్కి తీసుకుపోయాడు. తమ్ముడు లోపలికి నడిచాడు. ఓపీ లైన్లో నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

మళ్లీ వెళ్లినప్పుడు ఆ సైకిల్ గేటు దగ్గర లేదు. "మన పిలగాడు మంచిగున్నడా?" అని మాత్రం అడిగాడు.

అమ్మ, నాన్న, మా ఆయన... మీకు వేరే చెప్పాలా.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఆనాడు బాధితుల లిస్టు రాసుకున్నవాళ్లు "దెబ్బ ఎక్కడ?" అని అడిగి, లేదనేసరికి పేజీ తిప్పేశారు. మొన్న అడ్మిట్ చేస్తే ఇన్సూరెన్సువాళ్లు మనసు జబ్బులకు రాదన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒంటి జబ్బుతో సమానంగా ఇవ్వాలంటోంది కదా అంటే, మెయిల్ పెట్టమన్నారు. పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఇక చుట్టాలు, 'ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి' అని నవ్వుకునేవాళ్లు, మీ దండం మాకొద్దు.

అయ్యో, మరిచా! అర్ధరాత్రి 14416కి చేస్తే ఓపిగ్గా విన్న టెలి మానస్ (సర్కారువాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) అమ్మాయి, అసలు డాక్టర్ దగ్గరికి వెళ్లమంది తనే. జీతం కోయని వాడి మేనేజర్ గారు. పిల్లల సైకిళ్లు లోపల పెట్టించిన ఎదురింటి ఆంటీ. మందులు ఉద్దెరకిచ్చిన మెడికల్ షాపు అన్నా, ఒకటో తారీఖున ఇచ్చేస్తా, పక్కా.