కొటియా చర్చల్లో ఆడవాళ్లకు చోటివ్వండి

కొరాపుట్ కలెక్టర్ గారికి నమస్కారం.

ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న మా కొటియా ఊళ్లలో 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలప్పుడు ఎంత టెన్షన్ పడ్డామో! రెండు వైపులా నాయకులు, అధికారులు మాట్లాడుకుంటారు, ఆడవాళ్లను పిలవరు. సాలూరు దారి మూస్తే అల్లం, పసుపు అమ్ముకోలేక నష్టపోయేది మేమే. ఏ గొడవ ఎక్కడ రాజుకుంటోందో నీళ్ల దగ్గరే మాకు తెలిసిపోతుంది.

శాంతి చర్చల్లో, ఘర్షణల నివారణలో మహిళలు ఉండాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2000లోనే 1325వ తీర్మానం చేసింది. 2003లో అంతర్యుద్ధంతో నలిగిన ఆఫ్రికా దేశం లైబీరియాలోని ఆడవాళ్లు, క్రైస్తవులూ ముస్లింలూ కలిసి, ఘనాలో శాంతి చర్చలు జరిగే హాలు బయట అడ్డంగా కూర్చుని నాయకులను కదలనివ్వలేదు. ఆ దేశానికే 2007లో మన భారతదేశం వాళ్లు పూర్తి మహిళా పోలీసు దళాన్ని పంపారు. అక్కడికి పంపినవాళ్లకు మా ఊరి ఆడవాళ్లు కనబడరా?

వచ్చే సమావేశానికి ఊరికి ఇద్దరు మహిళలను పిలవండి. మా మాట మినిట్స్‌లో రాయించండి.

ఇట్లు,
కొటియా ప్రాంత మహిళ